దవడ కీలు నొప్పి: పన్ను పీకించుకునే ముందు చూసుకోవలసినవి

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగువాళ్ళకు ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా అలవాటు. ఆసుపత్రి గదిలో అడుగుపెట్టేసరికి ఆ రెండో భాషే నోటికి వస్తుంది. చెవి ముందు సలుపుతున్నా, చెంప గుంజుతున్నా, పొద్దున లేవగానే దౌడ పట్టేసినట్టున్నా, అన్నింటినీ కలిపి "దాంత బింధుచి" అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. పన్ను నొప్పి అని విన్న దంత వైద్యుడు పన్నునే చూస్తాడు, చూస్తే ఏదో ఒక పన్నులో ఎంతో కొంత పుచ్చు కనబడకపోదు.

నేను వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఆ పొరపాటే చేశాను. మగ్గం పని చేసుకునే ఒకావిడ కింది కుడి దంతం లాగుతోందని వస్తే, దానికి రూట్ కెనాల్ చేసి పంపించాను. నొప్పి తగ్గలేదు. ఆవిడ మరొకచోట ఆ పన్నునే పీకించుకుని, అప్పటికీ తగ్గక మళ్ళీ నా దగ్గరకే వచ్చింది. ఆ రోజు మాత్రం నోట్లోకి చూడకుండా, దవడ మూలకు రెండు వేళ్ళ ఎత్తున, చెంప కండరం మీద బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కాను. "అదేనండీ, అదే నొప్పి, పన్నులోకి దిగుతోంది" అంది. పన్ను లేని చోట పన్ను నొప్పి! నమిలే కండరంలోని నొప్పి కింది దంతాల్లో ఉన్నట్టు, కణత కండరంలోని నొప్పి పై పళ్ళలో ఉన్నట్టు మెదడుకు తోచడం దవడ కీలు జబ్బులో మామూలే, కీలును కదిపే ఈ కండరాల నొప్పి కూడా ఆ జబ్బులోనిదే. అందుకే దవడ కీలు నొప్పికి మొదట చేయించుకునే వైద్యం అవసరమైతే వెనక్కి తీసుకోగలిగినదై ఉండాలని అప్పటినుంచి వచ్చినవారందరికీ చెబుతున్నాను. తీసిన పన్ను, అరగదీసిన పన్ను తిరిగి రావు.

నొప్పి ఎక్కడిదో ఇంట్లోనే ఎలా చూసుకోవాలి

చెవి రంధ్రానికి ముందు, వేలి వెడల్పు దూరంలో చూపుడు వేలు ఉంచి నోరు తెరిచి మూస్తే, లోపల ఒక గుండ్రని ఎముక ముందుకు జారి వెనక్కి రావడం తెలుస్తుంది. అదే దవడ కీలు. పుర్రెలోని గుంటకు, కింది దవడ ఎముక తలకు మధ్య మెత్తని బిళ్ళ ఒకటి ఉంటుంది. మోకాలిలా మడత పడడమే కాకుండా ఈ కీలు ముందుకు జారుతుంది కూడా. ఆ బిళ్ళ కాస్త ముందుకు తప్పుకున్నప్పుడు, నోరు తెరిచే దారిలో ఎముక దానిమీదికి ఎక్కుతూ "టక్" మంటుంది. ఇలా టక్కుమనేవారు చాలామంది ఉంటారు. నొప్పి లేకుండా, నోరు పట్టేయకుండా చప్పుడు ఒక్కటే ఉంటే దానికి వైద్యం అవసరం లేదు. ఆ చప్పుడును పోగొడతామని ఎవరైనా అంటే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

తరువాత అద్దం ముందు నిలబడి, మీ చేతి చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ళను నిలువుగా, ఒకదానిపై ఒకటిగా పై కింది ముందు పళ్ళ మధ్య పెట్టి చూడండి. మూడు వేళ్ళూ పడితే నోరు మామూలుగా తెరుచుకుంటున్నట్టే. స్కేలుతో కొలిస్తే పెద్దవారికి 40 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉండాలి. 35 కంటే తక్కువైతే ఎక్కడో అడ్డు ఉన్నట్టు. తెరిచేటప్పుడు గడ్డం తిన్నగా కిందికి దిగుతోందా, ఒక పక్కకు వంగుతోందా అన్నది కూడా గమనించండి. బిళ్ళ ఇరుక్కుపోయిన కీలు జారదు కనుక గడ్డం ఆ పక్కకే ఒరుగుతుంది. ఇన్నాళ్ళూ టక్కుమంటూ వచ్చిన కీలు ఒకనాడు హఠాత్తుగా చప్పుడు మానేసి, నోరు రెండు వేళ్ళకు మించి తెరుచుకోకపోతే అది బాగైపోయినట్టు కాదు, బిళ్ళ అడ్డుపడిపోయినట్టు. అటువంటప్పుడు వారాల తరబడి చూడకుండా రెండు మూడు రోజుల్లోనే వైద్యుణ్ణి కలవాలి, ఎందుకంటే పాతబడిన కొద్దీ చేతితో విడిపించడం కష్టమవుతుంది.

పన్ను నొప్పి తీరు వేరు. చల్లని నీళ్ళు తగలగానే జివ్వుమని, ఆ తరువాత కూడా చాలాసేపు ఉంటే, రాత్రి నిద్ర లేపితే, చెంచా వెనుక భాగంతో మెల్లగా తట్టినప్పుడు ఒకే పన్ను పలికితే, అది పన్నుదే. నమిలినప్పుడు, ఆవులించినప్పుడు, ఎక్కువసేపు మాట్లాడినప్పుడు పెరుగుతూ, చెంపనో కణతనో నొక్కితే "అదే" అనిపించేది కండరానిది లేదా కీలుది. చెవిలో దిబ్బడ, చెవిపోటు ఉండి, చెవి వైద్యుడు చూసి చెవి శుభ్రంగా ఉందన్నాడంటే అనుమానం ఈ కీలు మీదికే పోవాలి. చెవికీ దవడకూ సంబంధం ఉందని 1934లో అమెరికాలో కాస్టెన్ అనే చెవి వైద్యుడు రాశాడు. పళ్ళు అరిగో ఊడో దవడ వెనక్కి నొక్కుకోవడమే కారణమన్న ఆయన వివరణ తరువాత నిలబడలేదు గాని, పళ్ళ కూర్పును సరిచేస్తే దవడ నొప్పి పోతుందనే నమ్మకం మాత్రం కొందరిలో ఇప్పటికీ ఉంది.

మన ప్రాంతంలో తప్పకుండా అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. కిళ్ళీ, గుట్కా, వక్కపొడి, ఖైనీ అలవాటు ఉన్నవారికి నోరు క్రమంగా తెరుచుకోకపోతుంటే, కారం తగిలితే మంటపుడుతుంటే, లోపలి చెంపలు తెల్లబారి తాడులాంటి పట్టీలు వేలికి తగులుతుంటే, అది కీలు జబ్బు కాదు. వక్క వల్ల చెంప లోపలి పొర గట్టిపడిపోయే జబ్బు అది, అందులో కొంత భాగం క్యాన్సరుగా మారే ప్రమాదం ఉంది. అటువంటి వారికి కాపడాలు, కసరత్తులు చెప్పి కాలం గడపడం పొరపాటు. ఆ రోజే కిళ్ళీ మానిపించి నోటి పరీక్షకు పంపాలి.

ఇంట్లో ఆగకూడని సందర్భాలు

నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో దవడ లాగి, చెమటలు పట్టి, ఛాతీ బరువెక్కితే అది గుండెది కావచ్చు. దంత వైద్యుడి దగ్గరకు కాదు, అత్యవసర విభాగానికి వెళ్ళాలి. ఏభై దాటినవారికి కొత్తగా కణత నొప్పి మొదలై, నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ అలసిపోయి, చూపు మసకబారితే అది కణత రక్తనాళపు వాపు కావచ్చు. ఒక్కరోజు ఆలస్యానికి కన్ను పోయే జబ్బు ఇది. మేకు గుచ్చుకున్నాకనో, దెబ్బ తగిలాకనో కొద్ది రోజులకు నోరు బిగిసిపోతే ధనుర్వాతాన్ని తలచుకోవాలి. జ్వరం, దవడ వాపు, మింగలేకపోవడం కలిసి వస్తే జ్ఞానదంతం దగ్గర చీము ఉందేమో చూడాలి. ముఖం కడుక్కుంటున్నప్పుడో గాలి తగిలినప్పుడో కరెంటు షాకులా క్షణంపాటు కొట్టే నొప్పి నరానిది, దానికి మందులు వేరు.

నోరు పెద్దగా తెరిచినప్పుడు కీలు పూర్తిగా జారిపోయి మళ్ళీ మూతపడకపోతే కంగారుపడి ఇంట్లో గుద్దకండి. గడ్డం కింద తువ్వాలు ఆనించి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వైద్యుడు బొటనవేళ్ళకు గుడ్డ చుట్టుకుని, కింది దంతాల మీద ఆనించి, దవడను ముందు కిందికి, తరువాత వెనక్కి నెట్టి కూర్చోబెడతాడు. ఆ తరువాత రెండు మూడు వారాలు ఆవులింత మీద అదుపు ఉండాలి. ఆవులిస్తే చిటికె వేసే అలవాటు మనకు ఎలాగూ ఉంది, ఆ చేతినే పిడికిలి చేసి గడ్డం కింద ఆనిస్తే సరిపోతుంది.

మొదటి ఆరు వారాలు

ఈ జబ్బులో ఎక్కువమందికి శస్త్రచికిత్స కాదు కదా, దంత వైద్యుడి కుర్చీ కూడా ఎక్కువసార్లు అవసరం రాదు. కీలుకు విశ్రాంతి ఇవ్వడమే అసలు వైద్యం. విశ్రాంతి అంటే నోరు కట్టేసుకోవడం కాదు, గట్టివి మాని మెత్తవి తినడం. చద్దన్నమో పఖాళో, చోడి అంబలి, ఇడ్లీ, ఉప్మా, దాల్మా, మెత్తగా ఉడికిన పప్పన్నం ఈ రోజులకు బాగా సరిపోతాయి. పఖాళలోకి వేయించిన వడియాలు నంజుకోవడం మాత్రం ఈ నెలన్నర మానాలి. జంతికలు, చెరకు ముక్కలు, తేగలు, మామిడి తాండ్ర, పలాస జీడిపప్పు, మాగాయ టెంక చీకడం కూడా అంతే. పెద్ద ముద్ద పెట్టుకోకుండా చిన్న ముద్దలు తినండి. ఒక పక్కనే కాక రెండు పక్కలా నమలండి. దారం పళ్ళతో తెంపడం, గోళ్ళు కొరకడం, ఫోనును భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడడం, అరచేతిలో గడ్డం ఆనించి కూర్చోవడం, బోర్లా పడుకోవడం కీలును రోజంతా నొక్కుతూనే ఉంటాయి.

అన్నింటికంటే ముఖ్యమైనది పగటిపూట పళ్ళు బిగించే అలవాటు. మగ్గం మీదనో, కుట్టు మిషను మీదనో, లెక్కల పుస్తకం ముందరో వంగి కూర్చున్నవారు తమకు తెలియకుండానే పై పళ్ళను కింది పళ్ళకు ఆనించి ఉంచుతారు. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పళ్ళు ఒకదానికొకటి తగలకూడదన్న సంగతి చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. పెదవులు కలిసి ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి. నాలుక "ల" అనేటప్పుడు ఎక్కడ తగులుతుందో అక్కడ, పై ముందు పళ్ళ వెనుక మెత్తగా ఆని ఉండాలి. ఇది గుర్తుండడానికి ఒక చిట్కా చెబుతాను. మగ్గం బద్ద మీద, అద్దం మూల, ఫోను వెనుక, వంటగట్టు పక్కన ఒక్కొక్క బొట్టుబిళ్ళ అతికించండి. అది కంటపడినప్పుడల్లా పళ్ళు విడదీసి, భుజాలు వదులు చేసి, ఒక ఊపిరి నెమ్మదిగా వదలండి. నేను చెప్పే చిట్కాలన్నింటిలో ఖర్చు లేనిదీ, ఎక్కువ పనిచేసేదీ ఇదే.

కాపడానికి పొయ్యి మీది ఇసుక మూట అక్కరలేదు. దానితో చెంపలు కాలిన వాళ్ళను చూశాను. చేయి పట్టే వేడి నీళ్ళలో తువ్వాలు ముంచి పిండి, చెంప నుంచి కణత దాకా పదిహేను నిమిషాలు ఉంచండి. రోజుకు రెండు మూడుసార్లు చాలు. దెబ్బ తగిలిన మొదటి రెండు రోజులు మాత్రం వేడి కాదు, గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టాలి. కాపడం తరువాత, కండరం వదులుగా ఉన్నప్పుడు, బొటనవేలితో చెంప కండరాన్ని గుండ్రంగా రెండు నిమిషాలు మర్దన చేయండి.

ఇక కసరత్తు. అద్దం ముందు కూర్చుని, నాలుక కొనను "ల" చోటున అంగిటికి ఆనించి, అది జారకుండా ఎంత తెరవగలరో అంతే నోరు తెరవండి. గడ్డం మధ్య నుంచి కిందికి నిలువు గీత ఉన్నట్టు ఊహించుకుని, దవడ ఆ గీత తప్పకుండా దిగేలా నెమ్మదిగా తెరిచి మూయండి. ఒక్కో విడతకు ఆరుసార్లు, రోజుకు ఆరు విడతలు. మొదటి వారం విసుగనిపిస్తుంది, రెండో వారంలో గడ్డం వంకర తగ్గడం అద్దంలో మీకే కనబడుతుంది. కసరత్తు చేశాక అరగంటకు మించి నొప్పి నిలిస్తే ఎక్కువ తెరుస్తున్నట్టు లెక్క, మరునాడు తగ్గించండి.

నొప్పి మాత్రల విషయంలో మన సరిహద్దు మనుషులకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక చెప్పాలి. ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, డైక్లోఫినాక్ వంటివి వారం పది రోజులు క్రమంగా వాడితే కీలు వాపు తగ్గుతుంది. కాని ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస, అంటే ఉద్దానం, మూత్రపిండాల జబ్బుకు పేరుపడ్డ నేల. మనలో చాలామందికి పుట్టిల్లో అత్తిల్లో అటుపక్కనే ఉంటుంది. ఆ ఊళ్ళలో పెరిగినవారు, బీపీ, షుగరు ఉన్నవారు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోకుండా మందుల దుకాణంలో అడిగి ఈ మాత్రలు మింగవద్దు. కడుపులో పుండు ఉన్నవారు, గర్భిణులు కూడా వైద్యుణ్ణి అడిగే వేసుకోవాలి. పారాసిటమాల్ అంత గట్టిగా పనిచేయకపోయినా వీరికి మేలైన దారి అదే.

దంత వైద్యుడి దగ్గర

ఆరు వారాలకూ తగ్గకపోతే, లేక నోరు తెరుచుకోవడం తగ్గుతుంటే, ముందు దగ్గరలోని దంత వైద్యుణ్ణి కలవండి. వెళ్ళేముందు ఒక కాగితం మీద నొప్పి ఎప్పుడు మొదలైందో, పొద్దున ఎక్కువో సాయంత్రం ఎక్కువో, నోరు ఎన్ని వేళ్ళు తెరుచుకుంటుందో, వాడుతున్న మందులేవో రాసుకోండి. మానసిక వైద్యుడు ఇచ్చే కొన్ని మాత్రలు, ముఖ్యంగా ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్ వంటివి, కొందరిలో పళ్ళు బిగించే అలవాటును పెంచుతాయి. వాటిని మీ అంతట మీరు ఆపకండి, సంగతి మాత్రం చెప్పండి. ఒడియాలో చెప్పవలసి వస్తే పన్ను మాట ఎత్తకుండా, వేలితో చెవి ముందు చోటును చూపించి, నోరు తెరిచి మూసి చూపించండి. మాటకంటే ఆ వేలే బాగా చెబుతుంది.

మంచి పరీక్ష పది నిమిషాలు పడుతుంది. వైద్యుడు రెండు కీళ్ళనూ, చెంప, కణత, మెడ కండరాలనూ నొక్కి చూడాలి, నోరు ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుంటుందో కొలవాలి, పళ్ళనూ చెంపల లోపలి భాగాన్నీ చూడాలి. రెండు దవడలూ ఒకే ఫిల్ములో పడే ఓపీజీ ఎక్స్‌రే పళ్ళనూ ఎముకనూ చూపుతుంది, బిళ్ళను చూపదు. బిళ్ళను చూడాలంటే ఎంఆర్ఐ కావాలి, అది కూడా కీలు ఇరుక్కుపోయినప్పుడో, ఇంజెక్షనో శస్త్రచికిత్సో అనుకున్నప్పుడో తప్ప మొదటిరోజే రాయవలసినది కాదు.

పరీక్ష అయ్యాక ఒక ప్రశ్న మొహమాటం లేకుండా అడగండి: "డాక్టరుగారూ, ఇది తరువాత వద్దనుకుంటే మానేయగలిగే వైద్యమేనా?" పళ్ళను అరగదీసి కూర్పు సరిచేస్తామన్నా, ఈ నొప్పి కోసమే అన్ని పళ్ళకూ క్యాపులు వేస్తామన్నా, తీగలు కడతామన్నా, ఇంకొక వైద్యుడి అభిప్రాయం తీసుకోండి. 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకం మూడు నెలలు దాటిన దవడ నొప్పికి దగ్గరుండి చేయించే దవడ కసరత్తులను, కండర మర్దనను, మెడా భుజాల భంగిమ సరిచేయడాన్ని, నొప్పితో మెలగడం నేర్పే మానసిక శిక్షణను గట్టిగా సమర్థించింది. పళ్ళ మీద తొడిగే పలకల్లో కూర్పును శాశ్వతంగా మార్చేసేవాటిని, బిళ్ళ తీసివేసే శస్త్రచికిత్సను గట్టిగా వద్దన్నది. అందుకని దంత వైద్యుడు ఫిజియోథెరపీకి పంపితే తప్పించుకుంటున్నాడని అనుకోకండి.

అదే మార్గదర్శకం రాత్రి పెట్టుకునే పలక, అంటే స్ప్లింటు మీద కూడా పెద్దగా ఆశ చూపలేదు. ఆ మాట నాకు కాస్త చేదుగానే ఉన్నా నిజమే అనిపిస్తుంది. నొప్పి ఒక్కదానికే అయితే ముందు కసరత్తు, తరువాతే పలక. రాత్రి పళ్ళు పటపట కొరికి అరగదీసుకునేవారికి మాత్రం పళ్ళ రక్షణ కోసం నేను ఇప్పటికీ ఇస్తాను. పలక గట్టి అక్రిలిక్‌తో, ఒక దవడలోని పళ్ళన్నింటినీ కప్పేలా ఉండాలి. ముందు నాలుగు పళ్ళకే తగిలే చిన్న ముక్కను నెలల తరబడి పెట్టుకుంటే మిగతా పళ్ళు పెరిగి కూర్పు చెడిపోతుంది. అచ్చు తీసి చేయించిన పలకను పెట్టిన రోజున రంగు కాగితం కొరికించి, అన్ని పళ్ళూ సమానంగా ఆనేలా అరగదీసి సరిచేయాలి, రెండు వారాల్లో మళ్ళీ చూడాలి. చేతికిచ్చి పంపేసే పలక సగం వైద్యమే. వేడినీళ్ళలో మెత్తబరిచి కొరుక్కునే రబ్బరు పలకలు ఆన్‌లైన్లో దొరుకుతాయి, అవి దీనికి బదులు కావు. గురక పెడుతూ ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవారు ఆ సంగతి ముందే చెప్పాలి, పై పలక కొందరికి దాన్ని పెంచుతుంది. పలకను మామూలు నీళ్ళతో, బ్రష్షుతో కడగండి, వేడినీళ్ళు పోస్తే వంకర పోతుంది. పొద్దున తీసిన తరువాత పళ్ళు వెంటనే కలవకపోవడం సహజమే గాని, అది గంటల తరబడి ఉంటే వాడకం ఆపి వైద్యుడికి చూపించండి.

ఇంతకీ తగ్గనివారికి పాత నొప్పిని తగ్గించే ఎమిట్రిప్టిలిన్ అనే మాత్రను తక్కువ మోతాదులో రాత్రిపూట ఇవ్వడం ఒక దారి. కీలు ఇరుక్కుపోయి తెరుచుకోనివారికి రెండు సూదులతో సెలైను పంపి కీలును కడగడం మరొకటి. అది ముఖ శస్త్రచికిత్స నిపుణుడు చేయవలసిన పని. కోసి చేసే శస్త్రచికిత్స ఎముక అతుక్కుపోయినప్పుడు, కణితి ఉన్నప్పుడు, కీలు పూర్తిగా పాడైనప్పుడు తప్ప ముందు వరుసలో రాదు. 1980లలో అమెరికాలో కీలులోని బిళ్ళ తీసేసి దాని చోట టెఫ్లాన్ పూత పలకలు పెట్టించుకున్న ఎందరికో ఆ పలకలు ముక్కలై చుట్టూ ఎముకనే తినేశాయి, చివరకు అక్కడి ప్రభుత్వం వాటిని వెనక్కి తీయించవలసి వచ్చింది. పెద్ద పరీక్షలు కావాలంటే బరంపురంలో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల, కటక్‌లో ఎస్.సి.బి. దంత వైద్య కళాశాల ప్రభుత్వానివి. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు బంధువులున్నవారికి అక్కడి దంత కళాశాలలు దగ్గరవుతాయి. ఎక్కడికి వెళ్ళినా పాత ఎక్స్‌రేలు, కాగితాలు, పలక వెంట తీసుకెళ్ళండి.

పిల్లల సంగతి వేరుగా చెప్పాలి. నేరేడు చెట్టు మీంచో సైకిలు మీంచో పడి గడ్డానికి దెబ్బ తగిలిన పిల్లవాడికి చర్మానికి రెండు కుట్లు వేసి ఇంటికి పంపేస్తారు. ఆ దెబ్బ గడ్డం దగ్గర ఆగకుండా ఎముక వెంట చెవి ముందున్న కీలు దాకా పోయి అక్కడ ఎముకను విరిచేయవచ్చు. చిన్న వయసులో విరిగిన కీలు కదలిక లేకుండా ఉంటే ఎముకకు ఎముక అతుక్కుని, నోరు మూతపడి, కింది దవడ పెరగక గడ్డం లోపలికి పోతుంది. కాబట్టి గడ్డం మీద దెబ్బ తగిలితే రెండు కీళ్ళనూ ఎక్స్‌రే తీయించండి. ఎముక విరిగి ఉన్నదంటే ఎన్నాళ్ళు కదపకూడదో, ఏ రోజు నుంచి కసరత్తు మొదలుపెట్టాలో వైద్యుడి చేత కాగితం మీద రాయించుకోండి. ఆ తరువాత ఏడాది పాటు, నెలకొకసారి, పిల్లవాడి మూడు వేళ్ళు వాడి నోట్లోనే పెట్టించి చూడండి.